తాజియో నువొలారి

తాజియో నువొలారి (నవంబర్ 16, 1892 - ఆగష్టు 11, 1953) ఇటలీ దేశానికి చెందిన సుప్రసిద్ధ కారు రేసు చోదకుడు. మొదట మోటారు సైకిలు పందెములలోను, తరువాత కారు పందెములలోను పాల్గొని, రెండు ప్రపంచ యుద్ధముల మధ్య కాలములో ఐరోపా అంతటా పేరు పొందాడు. మాంటువా ప్రాంతము వాడగుటచే ఇటలీ ప్రజలు ఈయనను ఎగిరే మాంటువా వాసి అని పిలిచేవారు. ఫార్ములా వన్ ప్రపంచ పోటీలు 1950లో మొదలగునాటికి ఈయన వయస్సు 57 సంవత్సరములు. అందుచేత ఆ పోటీల పట్టికలలో ఈయన పేరు కనబడదు. అయినను కారు పందెములపై జనసామాన్యమునకు అంతటి మోజు ఎట్లు కలిగినదో తెలిసికొనదలచిన విద్యార్థులు ఈయన జీవితమును తప్పక చదువవలెను.

జననము, తొలి జీవితము

నువొలారి ఉత్తర ఇటలీలో మాంటువా సమీపమున ఉన్న కాస్టెల్ డారియో అను గ్రామములో వ్యవసాయ కుటుంబములో జన్మించాడు. తండ్రి ఆర్టూరో. పినతండ్రి జుసెప్పె పేరుపొందిన సైకిలు పందెగాడు. వాహనముల మీద ఆసక్తి బాలునికి ఈయన వలననే కలిగినది. మొదటి ప్రపంచ యుద్ధములో నువొలారి సైన్యములో వాహన చోదకునిగా పనిచేశాడు. 1917లో కరోలినా పెరీనాను వివాహమాడాడు. వీరికి జార్జియో, ఆల్బెర్టో అని ఇద్దరు కుమారులు.

యుద్ధము వలన పందెములలో ప్రవేశించుట ఆలస్యమైనది. 1920లో మొదటి మోటారు సైకిలు పందెములో పాల్గొనునప్పటికి ఆయనకు 27 ఏండ్లు. మనిషి పొట్టి, బక్కపలుచని దేహము. చూచినవారెవరూ వీరుడనుకొనే ఆకారము కాదు.

1925లో మోంజా పందెపు బాటపై ఆల్ఫా రోమియో కారును పరీక్షించుచుండగా ప్రమాదము జరిగి తీవ్రముగా గాయపడ్డాడు. పడక దిగవద్దని వైద్యులు ఆజ్ఞాపించారు. రెండు వారములు తిరుగక మునుపే ఒంటి నిండా కట్లతో, ఇతరులు ఎత్తి మోటారు సైకిలుపై కూర్చుండబెట్టగా, అదే మోంజాలో పెద్ద పందెమును గెలిచాడు. ఇది సాహసమా, మూర్ఖత్వమా అన్నది పాఠకుల విచక్షణకే వదలుచున్నాము. ఇటలీ జనమునకు మాత్రము ఆయన ఆనాటినుండి సొంత మనిషి అయ్యాడు.

మిల్లె మిల్యా

1927లో ప్రారంభమైన మిల్లె మిల్యా పందెము బ్రెషియా నగరములో బయలుదేరి రోమ్ వరకు వెళ్ళి తిరిగి బ్రెషియా చేరేది. దూరము సుమారు 1,600 కిలోమీటర్లు. ప్రత్యేకముగా కట్టిన బాట లేదు. ఊళ్ళ మధ్యనుండి పోయే మామూలు రహదారులే పందెపు బాట. చూచుటకు టిక్కెట్టు అక్కరలేదు. రైతులు, కూలీలు, బడిపిల్లలు తమ గుమ్మము ముందు నిలుచుండి, పత్రికలలో పేరు చదివిన వీరుని కొద్ది అడుగుల దూరములో చూడగలిగేవారు. కారు కొనే స్తోమత ఏనాటికీ లేనివారు కూడ ఈ పందెములను అంతగా అభిమానించుటకు ఇది ముఖ్య కారణమని చెప్పవచ్చును.

1930లో నువొలారి ఈ పందెమును గెలిచాడు. సగటు వేగము గంటకు 100 కిలోమీటర్లు దాటుట ఈ పందెములో అదే ప్రథమము. ముందు పోవుచున్న తన ప్రత్యర్థి అకీలె వార్జి గమనించకుండ, రాత్రివేళ దీపములు ఆర్పివేసి వెంబడించి దాటిపోయాడని ఒక కథ ప్రచారములో ఉన్నది. దీనిని పలువురు చరిత్రకారులు సందేహించారు. అయినను ఆయనను గురించి నేటికీ ఎక్కువగా చెప్పుకొనే కథ ఇదే.

1932లో కవి గాబ్రియేలె దనూంజియో ఈయనకు చిన్న బంగారు తాబేలును బహూకరించాడు. అత్యంత వేగవంతునికి అత్యంత మందగామిని ఇచ్చుటలోని చమత్కారము ఈయనకు నచ్చి, ఆ తాబేలు గుర్తును పందెములలో ధరించే పసుపుపచ్చ చొక్కాపై పెట్టుకొన్నాడు. 1933లో రేమండ్ సోమర్‌తో కలసి ఫ్రాన్సులోని లె మాన్ 24 గంటల పందెమును కూడ గెలిచాడు.

జర్మన్ గ్రాండ్ ప్రి, 1935

నువొలారి విజయములలో దీనినే శిఖరముగా ఎంచుతారు. జర్మనీలో నాజీ ప్రభుత్వము మెర్సిడెస్ బెంజ్, ఆటో యూనియన్ సంస్థలకు ధనసహాయము చేసి, కారు పందెములను తమ దేశపు ఆధిక్యమునకు ప్రదర్శనగా మార్చుకొన్నది. జూలై 28, 1935న నూర్బుర్గ్‌రింగ్‌లో జరిగిన పందెమున ఆ రెండు సంస్థలు తొమ్మిది కార్లను దింపినవి. నువొలారి నడిపిన ఆల్ఫా రోమియో పి3 అప్పటికే పాతబడినది, శక్తిలో జర్మన్ కార్లకు ఎంతో తీసికట్టు. బాట ఒక చుట్టు దాదాపు 23 కిలోమీటర్లు, అంతా కొండ మలుపులే. ఇటువంటిచోట ఇంజను బలముకంటె చోదకుని నేర్పునకు ఎక్కువ పని ఉంటుంది.

నడిమధ్యలో ఇంధనము కొరకు ఆగినప్పుడు పంపు చెడిపోయినది. సహాయకులు డబ్బాలతో, గరాటుతో పెట్రోలు పోయవలసి వచ్చినది. రెండు నిముషములకు పైగా పోయినది. ఆరవ స్థానమునకు జారిన నువొలారి ఒక్కొక్కరినే దాటుచు చివరి చుట్టునాటికి రెండవ స్థానమునకు వచ్చాడు. ముందున్న మెర్సిడెస్ చోదకుడు ఫాన్ బ్రౌఖిచ్ వెనుకవాని ఒత్తిడికి టైర్లను అరగదీసికొన్నాడు. ఆ చివరి చుట్టులో ఒక టైరు పేలిపోయినది. నువొలారి గెలిచాడు. తరువాతి నాలుగు స్థానములు జర్మన్ కార్లవే. గెలుపును అదృష్టమనువారు ఆ టైరు ఎందుకు అరిగినదో గమనించవలెను.

విచిత్రమేమనగా, ఇదే నువొలారి 1938లో ఆటో యూనియన్ సంస్థలో చేరి, అదే ఏడు ఇటాలియన్ గ్రాండ్ ప్రిని జర్మన్ కారులో గెలిచాడు.

చివరి సంవత్సరములు

పెద్ద కుమారుడు జార్జియో 1937లో, చిన్నవాడు ఆల్బెర్టో 1946లో వ్యాధిగ్రస్తులై మరణించారు. ఇద్దరూ 18 ఏండ్లవారే. నువొలారికి ఊపిరితిత్తుల జబ్బు ముదిరి నోటినుండి రక్తము పడేది. అయినను పందెములు మానలేదు. 1947 మిల్లె మిల్యాలో 1,100 సి.సి. చిసితాలియా కారుతో, వర్షములో తడుస్తూ, రెండవ స్థానము పొందాడు. మరుసటి ఏడు ఫెరారి కారులో ముందంజలో ఉండగా దాని ఇంజను మూత ఎగిరిపోయినది. అట్లే నడిపి, చివరకు స్ప్రింగు విరిగిపోగా రెజ్జియో ఎమిలియా వద్ద ఆగిపోయాడు. అప్పటికి ఆయనకు 55 ఏండ్లు. ఆఖరి పందెము 1950 ఏప్రిల్‌లో పలెర్మో వద్ద కొండ నెక్కే పోటీ. 1952లో పక్షవాతము వచ్చినది. ఆగష్టు 11, 1953న మాంటువాలో మరణించాడు. అంత్యక్రియలకు వేలాది జనము వచ్చారు. పార్థివ శరీరమునకు ఆయన కోరిక ప్రకారము పందెపు దుస్తులనే తొడిగారు.

ఈయన స్మృత్యర్థము 1954 నుండి మిల్లె మిల్యా దారిని మాంటువా మీదుగా మళ్ళించి, ఆ భాగములో అతివేగముగా నడిపిన వారికి నువొలారి పేర బహుమతి ఏర్పరచారు. మే 12, 1957న ఆ దారిలోనే, గుయిదిజ్జోలో గ్రామమువద్ద ఒక ఫెరారి టైరు పగిలి కారు జనములోనికి దూసుకొనిపోయినది. కారులోని ఇద్దరితోపాటు, దారి ప్రక్కన నిలిచి చూచుచున్న తొమ్మిదిమంది మరణించారు. వారిలో ఐదుగురు పిల్లలు. దానితో మిల్లె మిల్యా వేగపు పందెముగా ముగిసిపోయినది.