సొంత ఊళ్ళో సొంత కారుతో గెలిచిన జాన్ రోండో

ఫ్రాన్సు దేశంలోని లె మాన్ పట్టణం కార్ల పందేలకు పెట్టింది పేరు. 1923లో ఇక్కడ మొదలైన పందేన్ని ఇరవైనాలుగు గంటల పందెం అంటారు. మధ్యాహ్నం బయలుదేరిన కార్లు రాత్రంతా పరుగుతీసి, మర్నాడు అదే వేళ వరకు తిరుగుతూనే ఉండాలి. ఒక్కొక్క కారును ఇద్దరు ముగ్గురు డ్రైవర్లు వంతులవారీగా నడుపుతారు. గడువు ముగిసేసరికి ఎక్కువ చుట్లు తిరిగిన కారుదే గెలుపు. చుట్టు దారిలో చాలా భాగం మామూలు రోజుల్లో లారీలు, బస్సులు తిరిగే రోడ్డే. పందెం రోజుల్లో మాత్రం దాన్ని మూసివేస్తారు.

ఫోర్డ్, ఫెరారీ, పోర్షే వంటి పెద్ద కంపెనీలు ఈ పందెం గెలవడానికి డబ్బు నీళ్ళలా ఖర్చు పెట్టాయి. అటువంటి చోట ఒక చిన్న షెడ్డులో, కొద్దిమంది మెకానిక్కులతో కారు తయారుచేసి, దాన్ని తానే నడిపి 1980లో గెలిచినవాడు జాన్ రోండో. ఆయనది ఆ ఊరే.

గోడ కాగితం కంపెనీ సాయం

రోండో 1946 మే 13న లె మాన్‌లో జన్మించాడు. ఏటా జూన్ నెలలో తన ఊరికి వచ్చే కార్ల సందడి చూస్తూ పెరిగాడు. 1972లో మొదటిసారి ఆ పందెంలో పాల్గొన్నాడు. కొన్నేళ్ళు ఇతరుల కార్లు నడిపాడు. గెలవాలంటే సొంతంగా మంచి కారు తయారుచేసుకోవాలనే నిర్ణయానికి వచ్చాడు. కావలసిన డబ్బు మాత్రం ఆయన దగ్గర లేదు.

పందెం కారు తయారీ వ్యవసాయం వంటిదే. పెట్టుబడి ముందు పెట్టాలి, ఫలితం చివరకు గాని తేలదు. చిన్న జట్లు ఏదో ఒక వ్యాపార సంస్థను ఒప్పించి, దాని పేరు కారు మీద రాసి, అందుకు ప్రతిఫలంగా డబ్బు తెచ్చుకుంటాయి. రోండో అలాగే గోడలకు అంటించే రంగుల కాగితం తయారుచేసే ఇనాల్టెరా అనే కంపెనీని ఒప్పించాడు. కార్లకు కూడా ఆ కంపెనీ పేరే పెట్టారు.

ఇంజను తయారుచేయడం చిన్న షెడ్డులో అయ్యే పని కాదు. ఇంగ్లండులో కాస్‌వర్త్ అనే సంస్థ మూడు లీటర్ల ఇంజను అమ్మేది. డబ్బు చెల్లిస్తే ఎవరికైనా ఇచ్చేది. కాని అది రెండు గంటల్లో ముగిసే పందేల కోసం చేసిన ఇంజను. పైగా అదురు ఎక్కువ. ఇరవైనాలుగు గంటలు నిలవాలంటే దాని జోరును కొంత తగ్గించి నడపాలి. ఆ ఇంజను కొని, దాని చుట్టూ చట్రం, పైకప్పు ఉన్న బాడీ తామే కట్టుకున్నారు.

1976లో ఇనాల్టెరా కారు ఎనిమిదో స్థానంలో వచ్చింది. 1977లో రోండో, జాన్ రాన్యోటి నడిపిన కారు నాలుగో స్థానం సంపాదించింది. ఇక గెలుపు దూరంలో లేదనుకుంటున్న సమయంలో కంపెనీ తప్పుకుంది. కార్లను అమ్మివేశారు. రోండో మళ్ళీ మొదటికి వచ్చాడు.

సొంత పేరుతో

ఆయన నిరాశపడి మానుకోలేదు. మళ్ళీ డబ్బు కూడగట్టి, మరుసటి ఏడాది పందెం నాటికి కొత్త కారు సిద్ధం చేశాడు. ఈసారి దానికి తన పేరే పెట్టాడు. 1978లో ఆ కారు తొమ్మిదో స్థానంలో వచ్చి తన తరగతిలో మొదటిదిగా నిలిచింది. 1979లో ఆయన జట్టు కారు ఒకటి ఐదో స్థానంలో వచ్చింది.

1980 జూన్ 14న పందెం వర్షంలోనే మొదలైంది. రోండోతో పాటు కారు నడిపే వంతు జాన్‌పియెర్ జోసోది. 1978లో రెనో కారులో ఇదే పందెం గెలిచిన అనుభవజ్ఞుడు. వీరికి ఎదురు నిలిచిన పోర్షే కారును బెల్జియం దేశస్థుడు జాకీ ఇక్స్, జర్మనీకి చెందిన రైన్‌హోల్డ్ యోస్ట్ నడిపారు. ఇక్స్ అప్పటికే నాలుగుసార్లు లె మాన్ గెలిచినవాడు.

పోర్షే జోరు ఎక్కువగానే ఉంది. అయితే దాని గేరు బాక్సు చెడిపోయి, బాగుచేయడానికి చాలాసేపు ఆగవలసి వచ్చింది. రోండో కారు ముందుకు వచ్చింది. పందెం ముగియబోతుండగా మళ్ళీ జల్లు పడింది. ఇక్స్ ఆగి, వాన టైర్లు వేయించుకున్నాడు. జోసో ఆగలేదు. గాట్లు లేని నున్నటి టైర్లతోనే తడిరోడ్డు మీద జాగ్రత్తగా నడిపాడు. కారు జారితే ఇన్నేళ్ళ శ్రమా వృథా అయ్యేది. జారలేదు.

రోండో కారు 338 చుట్లు తిరిగింది. అంటే దాదాపు 4,600 కిలోమీటర్లు, శ్రీనగర్ నుంచి కన్యాకుమారి వరకు ఉన్న దారికంటే ఎక్కువ. పోర్షే రెండు చుట్లు వెనకబడింది. మూడో స్థానం కూడా రోండో జట్టు కారుకే దక్కింది. అప్పటికి ఆయనకు 34 ఏళ్ళు.

గెలుపు తరువాత

గెలుపుతో కష్టాలు తీరలేదు. 1981లో ఆయన కార్లు రెండు, మూడు స్థానాల్లో వచ్చాయి. కాని అదే పందెంలో ఆయన కారు నడుపుతున్న జాన్‌లూయీ లఫోస్ పొడవాటి తిన్నని రోడ్డు మీద ప్రమాదానికి గురై మరణించాడు. తన పేరు మోసిన కారులో ఒక తోటి డ్రైవరు ప్రాణం పోవడంతో ఆ ఏడాది సాధించిన స్థానాలకు సంతోషం లేకుండా పోయింది.

1982లో నిబంధనలు మారాయి. పోర్షే సరికొత్త కారు తెచ్చింది. రోండో కారు ఇటలీలోని మోంజాలో వెయ్యి కిలోమీటర్ల పందెం గెలిచింది. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో పోర్షేతో హోరాహోరీగా పోరాడి రెండో స్థానంలో నిలిచింది. కాని లె మాన్‌లో 1982, 1983 రెండేళ్ళూ ఆయన జట్టు కార్లు దారిలోనే ఆగిపోయాయి. ఒక ఏడాది నష్టం వస్తే పెద్ద కంపెనీ మామూలు కార్లు అమ్మి పూడ్చుకుంటుంది. రోండోకు అమ్ముకోవడానికి మరో సరుకు లేదు. డబ్బు ఇచ్చేవారు దొరక్క, అప్పులు పెరిగి, షెడ్డు మూతపడింది.

ఆయన మళ్ళీ ఇతరుల కార్లు నడిపే డ్రైవరయ్యాడు. 1984లో ఒక అమెరికా జట్టు తరఫున లె మాన్‌లో రెండో స్థానం సాధించాడు. విచిత్రమేమిటంటే, అప్పుడు నడిపిన కారు పోర్షే.

1985 డిసెంబరు 27న లె మాన్‌కు దగ్గరలోని షాంపాన్యే వద్ద రైల్వే గేటు దాటుతుండగా ఆయన కారును రైలు ఢీకొన్నది. పందేల్లో అంతంత వేగంతో తిరిగి క్షేమంగా వచ్చిన మనిషి ఇంటి దగ్గర రోడ్డు మీద 39 ఏళ్ళకే కన్నుమూశాడు.

లె మాన్‌లో ఆయనకంటే ఎక్కువసార్లు గెలిచినవారు చాలామంది ఉన్నారు. తన పేరు పెట్టుకున్న కారును తానే నడిపి గెలిచినవాడు మాత్రం ఆయన తప్ప నేటికీ మరొకడు లేడు.