కత్తిని ఆపడం తెలిసిన హకీం: అబుల్ ఖాసిం జహ్రావి

మన బషీర్‌బాగ్‌కు ఆ పేరు నవాబ్ బషీరుద్దౌలా అస్మాన్ జా వల్ల వచ్చింది. ఆయన హైదరాబాద్ రాజ్యానికి దీవానుగా ఉన్న కాలంలోనే, 1889లో, ఈ నగరంలో ఒక పెద్ద వైద్య పరిశోధన జరిగింది. క్లోరోఫాం ఇచ్చి రోగిని నిద్రపుచ్చడం ఎంతవరకు క్షేమమో తేల్చడం దాని ఉద్దేశం. రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ దాన్ని నడిపించాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఖర్చు భరించాడు. లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే పేరున్న వైద్యుడు వచ్చి పాల్గొన్నాడు.

నొప్పి తెలియకుండా కోత కోయడం ఇంత ఇటీవలి సంగతి. మరి అంతకు తొమ్మిది వందల ఏళ్ల ముందు, అలాంటి మందు లేని రోజుల్లో, పసిబిడ్డలకు శస్త్రచికిత్స చేయడం ఎలాంటిదో ఊహించండి. ఆ పని చేసి, చేసినదంతా దాచకుండా రాసిపెట్టిన మహా వైద్యుడు అబుల్ ఖాసిం ఖలఫ్ ఇబ్న్ అబ్బాస్ జహ్రావి.

ఆయన సుమారు క్రీ.శ. 936లో స్పెయిన్ దేశంలోని ఖుర్తుబా నగరం పక్కన, మదీనతుజ్జహ్రాలో పుట్టారు. జహ్రావి అనే పేరు ఆ ఊరి వల్ల వచ్చిందే. పేరులో అన్సారీ అని కూడా ఉండటాన్ని బట్టి ఆయన పూర్వికులు మదీనా అన్సార్లని చెబుతారు. ఖలీఫా రెండో హకమ్ ఆస్థానంలో వైద్యుడిగా ఉన్నారని అంటారు. జీవితమంతా వైద్యంలోనే గడిపి, సుమారు 1000 సంవత్సరంలో ‘కితాబుత్తస్రీఫ్’ అనే గ్రంథాన్ని పూర్తి చేశారు. అందులో 30 భాగాలున్నాయి. చివరి భాగం పూర్తిగా శస్త్రచికిత్సకే కేటాయించారు. దాదాపు 200 పనిముట్ల బొమ్మలు గీసి, ఏది దేనికి వాడాలో వివరించారు. 1013 ప్రాంతంలో కన్నుమూశారు.

ఆ గ్రంథంలో పసిపిల్లలకు ప్రత్యేక స్థానం ఉంది. మూత్ర ద్వారం మూసుకుపోయి పుట్టిన శిశువుకు సన్నని కత్తితో దారి చేసి, అది మళ్లీ పూడిపోకుండా కొన్నాళ్లు సన్నని సీసపు పుల్ల ఉంచమన్నారు. నాలుక కింది పొర బిగుసుకుని మాట సరిగా రాని పిల్లలకు ఆ పొరను ఎలా కోయాలో చెప్పారు. సున్తీ గురించి రాస్తూ, ఆ ఆచారం లేని ప్రాచీన గ్రీకు వైద్యులు దీన్ని తమకు నేర్పలేదని, ఈ పద్ధతి అనుభవంతో కుదుర్చుకున్నదని వివరించారు. కత్తెరను పిల్లవాడి కంట పడకుండా దాచాలని, వాడిని సంతోషపెట్టి భయం పోగొట్టాలని కూడా చెప్పడం మరచిపోలేదు. పిల్లవాడి భయం కూడా వైద్యుడు పట్టించుకోవలసినదేనని ఆయన గుర్తించారు.

ముఖం మీది గాయాల గురించి ఆయన చెప్పిన ఒక సూత్రం నేటికీ చెక్కుచెదరలేదు. ముక్కు, పెదవి, చెవి తెగితే అంచులు కలిపి కుట్టాలి. ఒకవేళ అంచులు విడివిడిగా మానిపోయి ఉంటే, పై చర్మాన్ని గీకి, రక్తం కనిపించాకే కుట్టాలి. పాత చర్మం పాత చర్మంతో అతకదు. పచ్చి అంచు పచ్చి అంచుతోనే కలుస్తుంది. గ్రహణం మొర్రి సరిచేసే నేటి సర్జన్లు కూడా మొదట చీలిక అంచులను పచ్చిగా చేసుకునే కుడతారు.

ఆయన నిజాయితీ తెలియాలంటే మాత్రం తలలో నీరు చేరే పిల్లల గురించి రాసిన అధ్యాయం చదవాలి. ఒక పసివాడి తల రోజురోజుకూ పెరిగి, ఆ బరువుకు కూర్చోలేని స్థితికి వచ్చి, చివరకు చనిపోవడం ఆయన కళ్లారా చూశారు. తాను చూసిన అలాంటి పిల్లలంతా త్వరలోనే మరణించారని, అందుకే ఈ జబ్బుకు కోత పెట్టకపోవడమే మంచిదనుకున్నానని రాశారు. ఈ జబ్బుకు నమ్మదగిన ఆపరేషన్ 1950ల్లో గాని రాలేదు. అంత పేరున్న వైద్యుడు తనకు చేతకానిదాన్ని తన పుస్తకంలోనే ఒప్పుకున్నారు.

శరీర నిర్మాణం తెలియకుండా కత్తి పట్టిన వైద్యుల చేతిలో రోగులు ఎలా పోయారో కూడా గ్రంథం మొదట్లోనే చెప్పారు. అలాంటి ఒకడు ఒక స్త్రీ మెడ మీది గడ్డను కోసి రక్తనాళాలు తెంచాడు. ఆమె అక్కడే ప్రాణం వదిలింది. చేయకూడని చోట చేయి ఆపుకోవడం కూడా వైద్యమేనని ఆయన శిష్యులకు బోధించారు.

12వ శతాబ్దంలో గెరార్డ్ ఆఫ్ క్రెమోనా టొలెడోలో ఈ భాగాన్ని లాటిన్‌లోకి అనువదించాడు. కొన్ని వందల ఏళ్ల పాటు యూరప్ వైద్యులు జహ్రావిని చదివి కత్తి పట్టారు. ఈ అరబీ శస్త్రవైద్య సంపదకు మన నగరం కూడా సేవ చేసింది. 1888లో హైదరాబాద్‌లో ఏర్పడిన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ, 13వ శతాబ్దపు వైద్యుడు ఇబ్నుల్ ఖుఫ్ శస్త్రచికిత్సపై రాసిన ‘అల్ ఉమ్దా’ను హిజ్రీ 1356లో, అంటే 1937 ప్రాంతంలో, అచ్చువేసింది.

ఇంత వారసత్వం ఉన్నా, బిడ్డ పెదవి చీలి పుడితే మన ఇళ్లలో ఇంకా తల్లినే నిలదీస్తున్నారు. గ్రహణం వేళ బయటికి వచ్చావా, కత్తిపీట ముట్టావా అని అడుగుతున్నారు. మహాప్రవక్త (స) చిన్నారి కుమారుడు ఇబ్రాహీం మరణించిన రోజున సూర్యగ్రహణం పట్టింది. ప్రజలు ఆ రెంటినీ ముడిపెట్టబోగా, ఎవరి చావు పుట్టుకల వల్లా గ్రహణాలు పట్టవని ఆయన స్పష్టం చేశారు. కన్నబిడ్డను పోగొట్టుకున్న దుఃఖంలో కూడా ఆయన మూఢనమ్మకానికి చోటివ్వలేదు.

ఈ చీలిక తల్లి తప్పు కాదు. గర్భంలో తొలి వారాల్లో ముఖం రూపుదిద్దుకునేటప్పుడు రెండు వైపులా కలవకపోవడం వల్ల ఇది వస్తుంది. పెదవికి సాధారణంగా మూడు నుంచి ఆరు నెలల మధ్య, అంగిలికి ఏడాది అటూ ఇటూగా ఆపరేషన్ చేస్తారు. ఆలస్యమైతే బిడ్డ మాట దెబ్బతింటుంది. జహ్రావి చేయి ఆపుకోవలసి వచ్చిన చోట నేడు దారి ఉంది. ఆ దారిలో బిడ్డను సకాలంలో తీసుకెళ్లడం మన బాధ్యత.