పండుటాకుల డేటా రాసుకున్నోడు

హార్వర్డ్‌లో చదువు పూర్తయ్యేసరికి బయట ఉద్యోగాల్లేవు. 1837లో అమెరికాలో బ్యాంకులు కుప్పకూలాయి. హెన్రీ డేవిడ్ థోరోకి అప్పుడు ఇరవయ్యేళ్లు. సొంతూరు కాంకర్డ్‌లో టీచర్ పోస్టు దొరికింది కానీ, పిల్లల్ని కొట్టాల్సిందేనని పైవాళ్లు పట్టుబట్టడంతో రెండు వారాలకే మానేశాడు. కొన్నాళ్లు అన్నతో కలిసి సొంత బడి నడిపాడు. నాన్న పెన్సిళ్ల కార్ఖానాలోనూ పనిచేశాడు. గ్రాఫైట్‌లో బంకమట్టి కలిపి, మట్టి పాళ్లు మారుస్తూ గట్టివి, మెత్తవి అని వేర్వేరు రకాలు తెచ్చాడు. మన భాషలో ఆర్ అండ్ డీ అన్నమాట. ఆ తర్వాత భూములు కొలిచే సర్వేయర్. ఇలాంటి రెజ్యూమె ఇప్పుడు పంపిస్తే ఎవరైనా పిలుస్తారా అన్నది డౌటే!

వాల్డెన్ చెరువు పక్కన ఇల్లు కట్టుకుని ఒంటరిగా ఉన్నాడనీ, అతని వ్యాసాన్ని గాంధీజీ చదివారనీ చాలామందికి తెలుసు. నాకు మాత్రం అతని ఆకుల పిచ్చే ఎక్కువ నచ్చుతుంది. పనున్నా లేకున్నా రోజూ గంటలకొద్దీ నడిచేవాడు. శరత్కాలంలో ఏ చెట్టు ఎప్పుడు రంగు మారిందో డైరీలో రాసేవాడు. సెప్టెంబరు చివర్లో రెడ్ మేపుల్ మొదలెడుతుంది. తర్వాత ఎల్మ్ పసుపు, షుగర్ మేపుల్. ఇక అయిపోయిందని జనం అనుకునే అక్టోబరు చివర్లో స్కార్లెట్ ఓక్ ఎర్రబడుతుంది. ఆ చెట్టు మనసులో లేనివాడికి ఎదురుగా ఉన్నా కనిపించదని అతని నమ్మకం. ఒక్కో చెట్టు ఆకు తెచ్చి, బొమ్మ గీసి, సరిగ్గా అదే రంగు వేసి ఓ పుస్తకం చేద్దామనుకున్నాడు. అది పెద్దగా ముందుకెళ్లలేదు.

ఆకు రంగు మారడమంటే వాడిపోవడం కాదు, పండులాగే పండడం అని అతని వాదన. ‘పండుటాకు’ అనే మనకి ఇది కొత్తేం కాదు. సైన్సు కూడా కొంతవరకు అతని వైపే ఉంది. పచ్చదనం తగ్గాక బయటపడే పసుపు ఆకులో ముందునుంచీ ఉన్నదే. ఎరుపుని మాత్రం చాలా చెట్లు రాలబోయే ముందు కొత్తగా తయారుచేసుకుంటాయి.

అతను రాసిపెట్టిన పూలు పూసిన తేదీల్ని ఇప్పటి శాస్త్రవేత్తలు వాతావరణ మార్పుని లెక్కకట్టడానికి వాడుతున్నారు. అప్పట్లో వాటికి ఎవరూ పైసా ఇవ్వలేదు.

1859లో ఆకుల రంగులపై ప్రసంగించాడు. 1860 డిసెంబరులో చలిలో మొద్దుల వలయాలు లెక్కపెడుతూ జలుబు తెచ్చుకున్నాడు. ఆ ఒంటితోనే వాటర్‌బరీ వెళ్లి మళ్లీ అదే ప్రసంగం ఇచ్చాడు. ఇక కోలుకోలేదు, పాత క్షయ తిరగబెట్టింది. మంచంమీదే, చెల్లెలు సోఫియా సాయంతో ఆ ప్రసంగాన్ని వ్యాసంగా దిద్ది అట్లాంటిక్ మంత్లీకి పంపాడు. 1862 మే 6న పోయాడు. వయసు 44. వ్యాసం అక్టోబరు సంచికలో వచ్చింది, సరిగ్గా కాంకర్డ్‌లో ఆకులు పండే నెలలో.