సముద్రపు అడుగున దొరికిన రుజువు

ప్రత్యేక సంచికకు ఎవరైనా ప్రముఖుని జీవితం రాయమని కార్యదర్శిగారు అడిగారు. సర్వీసంతా పద్దులు సరిచూసిన నాకు మిలుటిన్ మిలాంకోవిచ్‌గారే గుర్తుకొచ్చారు.

ఆయన 1879లో డాన్యూబ్ నది ఒడ్డున, నేటి క్రొయేషియాలోని దాల్ అనే ఊళ్ళో ఒక సెర్బు కుటుంబంలో పుట్టారు. వియన్నాలో చదివి కాంక్రీటు ఇంజనీరుగా పేరు తెచ్చుకున్నారు. 1909లో ఆ పని వదిలి, తక్కువ జీతానికి బెల్‌గ్రేడ్ విశ్వవిద్యాలయంలో చేరారు. మన ఇళ్ళల్లో అయితే పెద్ద గొడవే అయ్యేది!

ఒకప్పుడు ఐరోపా, ఉత్తర అమెరికాలను మంచు ఎందుకు కప్పింది? భూమి తిరిగే దారి ఆకారం, ఇరుసు వాలు, బొంగరంలా దాని ఊగులాట వేల ఏళ్ళమీద మారుతుంటాయి. అందువల్ల ఉత్తరాదిన వేసవులు చల్లబడితే పాత మంచు కరగక పేరుకుంటుందని ఆయన వాదం. లక్షల సంవత్సరాల ఎండను చేత్తోనే లెక్కగట్టారు.

1914లో కొత్తగా పెళ్ళయి సొంతూరు వెళితే, యుద్ధం వచ్చి, సెర్బియా పౌరుడని నిర్బంధించారు. తరువాత బుడాపెస్ట్‌లో ఉండనిచ్చారు. అక్కడి గ్రంథాలయంలో లెక్కలు సాగించారు. 1941 ఏప్రిల్‌లో ఆయన మహాగ్రంథం అచ్చు పూర్తికావస్తుండగా బెల్‌గ్రేడ్‌పై బాంబులు పడి ముద్రణాలయం ధ్వంసమైంది. అదృష్టవశాత్తూ అచ్చయిన కాగితాలు చాలావరకు మిగిలాయి.

1950 దశకంలో చాలామంది భూగర్భ శాస్త్రజ్ఞులు ఆయన మాట నమ్మలేదు. కొత్తగా వచ్చిన మంచు పాతదాని ఆనవాళ్ళను ఊడ్చేస్తుంది కనుక నేలమీద రుజువు దొరకటం కష్టం. 1958లో ఆయన కన్నుమూశారు.

రుజువు సముద్రం అడుగున ఉంది. అక్కడ బురద పొరలు పొరలుగా, వెయ్యేళ్ళకు కొద్ది సెంటీమీటర్ల చొప్పున పేరుకుంటుంది. అందులో ఫొరామినిఫెరా అనే సూక్ష్మజీవుల గుల్లలుంటాయి. తేలిక ఆక్సిజన్ ఉన్న నీరు సులువుగా ఆవిరై, మంచుగా నేలమీద నిలిచిపోతుంది. సముద్రంలో బరువు ఆక్సిజన్ పాలు పెరుగుతుంది. గుల్లలు ఆ పాలునే దాచుకుంటాయి. అంటే ఏ కాలంలో ఎంత మంచు ఉందో గుల్లను బట్టి చెప్పవచ్చు. ఈ పద్ధతికి 1955లో ఎమిలియాని దారి వేశారు.

1976లో హేస్, ఇంబ్రీ, షాకిల్టన్ అనే ముగ్గురు మన హిందూ మహాసముద్రపు దక్షిణ కొసన తీసిన రెండు బురద స్తంభాలను పరీక్షించారు. సుమారు 4,50,000 ఏళ్ళ చరిత్ర అది. ఇరుసు వాలుకు చెందిన దాదాపు 41 వేల ఏళ్ళ ఆవృత్తి, ఊగులాటకు చెందిన 23 వేల ఏళ్ళ ఆవృత్తి అందులో కనిపించాయి. మనిషి పోయిన 18 ఏళ్ళకు లెక్క టాలీ అయింది.

ఒక్క ఆడిట్ అభ్యంతరం మాత్రం మిగిలింది. గుల్లల్లో అన్నిటికంటే పెద్దగా కనిపించేది సుమారు లక్ష ఏళ్ళ ఆవృత్తి. దారి ఆకారం మారటంవల్ల ఎండలో వచ్చే తేడా చూస్తే చాలా స్వల్పం. అంత చిన్న తేడాకు అంత పెద్ద మంచు ఎలా కదిలిందన్న ప్రశ్నకు అందరూ ఒప్పుకునే జవాబు ఇంకా రాలేదు.