పగలగొట్టినవి 400, మిగుల్చుకున్నవి 120
ఫ్రాంక్ హర్లీ (1885–1962): మంచు ఖండాన్ని ప్రపంచానికి చూపించిన ఫొటోగ్రాఫర్

సెలవుల్లో ఎక్కడికైనా వెళ్లొచ్చాక ఇంట్లో ఒకసారి ఫోన్ తెరిచి చూడండి. నాలుగు రోజుల ప్రయాణానికి వందల ఫొటోలు ఉంటాయి. వాటిలో మనం మళ్లీ చూసేవి ఎన్ని? పిల్లల్ని అడిగితే నవ్వి ఊరుకుంటారు.

ఈ రోజుల్లో విహార నౌకలు ఉత్తరాన గ్రీన్‌లాండ్ వైపుకూ, దక్షిణాన అంటార్కిటికా వైపుకూ వెళ్తున్నాయి. డెక్ మీద నిలబడి మంచుకొండల్ని ఫోన్‌తో టకటకా తీసేవాళ్లే ఎక్కువ. అయినా పాత ఫిల్మ్ కెమెరా మెడలో వేసుకుని ఆచితూచి మీట నొక్కేవాళ్లు ఇప్పటికీ కొందరున్నారు. రోల్‌లో ఉండేవి 36 ఫొటోలు. తీసింది ఎలా వచ్చిందో అప్పటికప్పుడు చూసుకునే వీల్లేదు. అందుకే ముందు కళ్లతో చూడాలి, తర్వాతే కెమెరాతో. ఇలా మంచునీ వెలుగునీ ఓపికగా చూసి ఫొటో తీసిన తొలితరం వాళ్లలో గొప్పవాడు ఫ్రాంక్ హర్లీ. ఆయన జీవితంలో పిల్లలకు చెప్పదగ్గ సాహసం ఉంది. పెద్దలం కూర్చుని ఆలోచించాల్సిన ప్రశ్న కూడా ఒకటి ఉంది.

బడి వదిలి, మళ్లీ చదువు వైపు

హర్లీ 1885 అక్టోబర్ 15న ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరంలో పుట్టాడు. తండ్రి అచ్చు పనివాడు, కార్మిక సంఘం నాయకుడు. ఐదుగురు పిల్లల్లో హర్లీ మూడోవాడు. 13 ఏళ్లకే ఇల్లు వదిలి పారిపోయి, లిత్‌గో అనే ఊళ్లో ఇనుము కర్మాగారంలో పనికి కుదిరాడు. రెండేళ్ల తర్వాత తిరిగి ఇంటికి చేరాడు. ఇక్కడితో కథ ముగిస్తే, బడి మానేసినవాడే గొప్పవాడయ్యాడని పిల్లలు అనుకునే ప్రమాదం ఉంది. జరిగింది వేరు. తిరిగొచ్చిన కుర్రాడు పగలు పని చేసుకుంటూ రాత్రిళ్లు సాంకేతిక పాఠశాలలో చదివాడు. సిడ్నీ విశ్వవిద్యాలయంలో సైన్స్ ఉపన్యాసాలు వినడానికి వెళ్లేవాడు. కర్మాగారంలో నేర్చుకున్న లోహపు పని, రాత్రి బడిలో నేర్చుకున్న శాస్త్రం, ఈ రెండూ తర్వాత ఆయన ప్రాణాన్ని, తోటివారి ప్రాణాల్ని కాపాడాయి.

17 ఏళ్ల వయసులో 15 షిల్లింగులు పెట్టి ఒక కొడాక్ పెట్టె కెమెరా కొన్నాడు. ఒక్కసారిగా అంత సొమ్ము ఇచ్చుకోలేక, వారానికి ఒక షిల్లింగు చొప్పున కట్టాడు. 1905లో సిడ్నీలో పోస్టుకార్డుల వ్యాపారంలో భాగస్వామిగా చేరాడు. ఉవ్వెత్తున లేచే అలల్ని, దూసుకొచ్చే రైలును దగ్గర నుంచి తీసేవాడు. మంచి ఫొటో కోసం ఎంత ప్రమాదానికైనా వెరవడని పేరు పడింది.

మంచు నేర్పిన పాఠాలు

1911లో భూగర్భ శాస్త్రవేత్త డగ్లస్ మాసన్ అంటార్కిటికా యాత్రకు బయల్దేరుతూ హర్లీని ఫొటోగ్రాఫర్‌గా తీసుకున్నాడు. వాళ్లు బస చేసిన కేప్ డెనిసన్ ప్రపంచంలోనే గాలి తాకిడి అత్యంత ఎక్కువగా ఉండే చోట్లలో ఒకటి. అక్కడ మనిషి నిటారుగా నిలబడటమే కష్టం. అలాంటి చోట కెమెరాను స్టాండు మీద కదలకుండా నిలపాలి.

అప్పటి కెమెరాల గురించి పిల్లలకు ఒక మాట చెప్పాలి. హర్లీ ఎక్కువగా వాడింది గాజు పలకలు. వెండి లవణాలు కలిపిన జెలటిన్ పూత ఉన్న గాజు పలకను చీకట్లో కెమెరాలో పెట్టి, ఫొటో తీశాక మళ్లీ చీకటి గదిలోనే రసాయనాలతో కడగాలి. ఒక పలకకు ఒకే ఫొటో. కడగడానికి నీళ్లు కావాలంటే మంచు కరిగించుకోవాలి. గడ్డకట్టే చలిలో ఉన్న కెమెరాను వెచ్చటి గదిలోకి తెస్తే కటకం మీద తేమ పేరుకుంటుంది. చలికి సెల్యులాయిడ్ ఫిల్మ్ పెళుసెక్కి విరిగిపోతుంది. పైగా మంచు తెల్లదనం కళ్లనూ లెక్కలనూ మోసం చేస్తుంది. వెలుతురు ఎక్కువగా ఉందని తక్కువసేపు తెరిస్తే తెల్లటి మంచు ఫొటోలో బూడిద రంగులోకి మారుతుంది. ఎక్కువసేపు తెరిస్తే మంచులోని గీతలూ నీడలూ మాయమై ఉత్త తెల్లకాగితం మిగులుతుంది. ఇవన్నీ హర్లీ అక్కడే, పని చేస్తూ నేర్చుకున్నాడు.

ఓడ చుట్టూ గడ్డకట్టిన సముద్రం

1914లో ఎర్నెస్ట్ షాకిల్టన్ అంటార్కిటికా ఖండాన్ని ఈ తీరం నుంచి ఆ తీరం దాకా కాలినడకన దాటాలని సంకల్పించాడు. ఆయన ఓడ పేరు ఎండ్యూరెన్స్. హర్లీ బ్యూనస్ ఐరిస్‌లో ఆ ఓడ ఎక్కాడు. దారిలో సౌత్ జార్జియా దీవిలో ఆగినప్పుడు కెప్టెన్ వోర్స్‌లీ, మరో అధికారి తోడు రాగా, బరువైన కెమెరాను కొండ మీదికి మోసుకెళ్లాడు. పైనుంచి తీసిన ఆ ఫొటోలో చుట్టూ మహా పర్వతాలు, కింద రేవులో అగ్గిపుల్లంత ఓడ. మనిషి ఎంతటివాడో, ప్రకృతి ఎంతటిదో అందులో చూడగానే తెలిసిపోతుంది.

1915 జనవరిలో వెడెల్ సముద్రంలో ఎండ్యూరెన్స్ మంచులో చిక్కుకుపోయింది. చుట్టూ సముద్రం గడ్డకట్టింది. 28 మంది అందులోనే చలికాలం గడిపారు. ఆగస్టు 27 రాత్రి హర్లీ ఓడ చుట్టూ మంచుగుట్టల వెనక దాదాపు 20 చోట్ల ఫ్లాష్ పొడి పేల్చి ఒక ఫొటో తీశాడు. నల్లటి ఆకాశం ముందు మంచు పట్టిన తాళ్లతో, తెల్లటి అస్థిపంజరంలా మెరిసే ఆ ఓడను మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. ఆ పేలుళ్ల వెలుగుకు కళ్లు చీకట్లు కమ్మి, దారి కనపడక ఆయన మంచులో తడబడుతూ పడుతూ లేస్తూ తిరిగాడు.

ఏది ఉంచాలి, ఏది వదలాలి?

అక్టోబర్ 27న మంచు ఒత్తిడికి ఓడ నలిగిపోయింది. అందరూ దిగి, తేలే మంచు మీద గుడారాలు వేసుకున్నారు. సొంత సామాను తలా సుమారు కిలోకు మించకూడదన్నది షాకిల్టన్ ఆజ్ఞ. అందరికీ తెలియాలని ఆయనే ముందుగా తన బంగారు నాణేలను మంచు మీద పారేశాడు.

హర్లీ గాజు పలకలు మాత్రం ఇంకా ఓడలోనే, నీళ్లలో మునిగి ఉన్నాయి. నవంబర్ 2న ఆయన సగం మునిగిన ఓడలోకి తిరిగి వెళ్లాడు. గోడను గొడ్డలితో నరికి దారి చేసుకుని, మంచు ముక్కలు తేలే నీళ్లలోకి దిగి, పలకలున్న డబ్బాలను పైకి తీశాడు. వాటిని జింకు రేకు పరిచిన పెట్టెల్లో, మూతలకు టంకం వేసి ముందే భద్రపరచి ఉండటంతో లోపలికి నీళ్లు పోలేదు.

వారం తర్వాత అసలు పరీక్ష వచ్చింది. ఇక ముందు ప్రయాణం చిన్న పడవల్లోనే. 500కు పైగా ఉన్న పలకల బరువు మోయడం అసాధ్యం. హర్లీ, షాకిల్టన్ ఇద్దరూ మంచు మీద కూర్చుని ఒక్కో పలకనూ వెలుతురుకు ఎత్తి చూశారు. ఉంచాల్సినవి పక్కన పెట్టారు. వద్దనుకున్నదాన్ని హర్లీ అక్కడికక్కడే పగలగొట్టాడు. తర్వాత మనసు మారి మళ్లీ తెచ్చుకోవాలనిపిస్తుందేమోనని! అలా దాదాపు 400 పలకలు ముక్కలయ్యాయి. సుమారు 120 మిగిలాయి. వాటిని మళ్లీ డబ్బాలో పెట్టి టంకం వేశాడు.

ప్రాణాలకే దిక్కులేని చోట ఫొటోల బరువు ఎందుకు మోశారనే సందేహం సహజం. ఆ ఫొటోల హక్కులు అమ్మి యాత్ర అప్పులు తీర్చాలన్నది షాకిల్టన్ లెక్క. హర్లీకి మాత్రం అవి తన ఏడాది శ్రమ. ఆ మిగిలిన పలకల్లో దేన్ని చూసినా అనవసరమైనది ఒక్కటీ కనపడదు. అంతమందిలోంచి నెగ్గి వచ్చినవి కదా!

మూడు రోల్స్, పది నెలలు

పెద్ద కెమెరాలన్నీ అక్కడే వదిలేశారు. హర్లీ దగ్గర మిగిలింది జేబులో పట్టే ఒక వెస్ట్ పాకెట్ కొడాక్, మూడే మూడు ఫిల్మ్ రోల్స్. నవంబర్ 21న ఓడ పూర్తిగా మునిగిపోయింది. ఐదు నెలలపాటు మంచు మీదే తేలుతూ గడిపి, 1916 ఏప్రిల్‌లో మూడు పడవల్లో ఎలిఫెంట్ దీవికి చేరారు. అక్కడి నుంచి షాకిల్టన్ మరో ఐదుగురితో సహాయం కోసం జేమ్స్ కెయిర్డ్ అనే చిన్న పడవలో సౌత్ జార్జియాకు బయల్దేరాడు. అలల నీరు చేరితే తోడిపోసేందుకు ఆ పడవలో ఒక పంపు ఉంది. దాన్ని ఓడ దిక్సూచికి చెందిన గొట్టంతో చేసింది హర్లీ. మంచు మీద అందరికీ వంట చేసిపెట్టిన, సీల్ కొవ్వుతో మండే పొయ్యి కూడా ఆయన చేసిందే. లిత్‌గో కర్మాగారంలో చేయి తిరగడం ఊరికే పోలేదు.

హర్లీతో సహా 22 మంది బోర్లించిన రెండు పడవల కింద నాలుగు నెలలకు పైగా ఎదురుచూశారు. ఆగస్టు 30న చిలీ దేశపు యెల్చో అనే చిన్న నౌకలో షాకిల్టన్ తిరిగొచ్చాడు. ఎండ్యూరెన్స్‌లో చిక్కుకున్న 28 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. గాజు పలకలూ, మూడు రోల్స్ ఫిల్మూ వాళ్లతోపాటే బయటికొచ్చాయి. పది నెలల కష్టకాలానికి మూడు రోల్స్! ఒక్కో ఫొటో తీసేముందు ఆయన ఎంత ఆలోచించి ఉంటాడో ఊహించండి.

అతికించిన ఆకాశం

ఇంతవరకు చదివితే హర్లీ మచ్చలేని వీరుడనిపిస్తుంది. కానీ 1917లో ఆయన మొదటి ప్రపంచ యుద్ధంలో ఆస్ట్రేలియా సైన్యానికి అధికారిక ఫొటోగ్రాఫర్‌గా వెళ్లాడు. యుద్ధభూమి అంతా ఒక్క ఫొటోలో ఇమడదని ఆయన బాధ. అందుకని ఒకచోట తీసిన సైనికుల్ని, మరోచోట తీసిన విమానాల్ని, పేలుళ్లను కలిపి ఒకే చిత్రంగా అచ్చువేశాడు. అలాంటి ఒక చిత్రానికి 12 నెగెటివ్‌లు వాడాడు. యుద్ధ చరిత్ర రాస్తున్న చార్లెస్ బీన్ దీన్ని తీవ్రంగా వ్యతిరేకించాడు. చరిత్రకు సాక్ష్యం కావాల్సిన చోట కల్పన కూడదన్నది ఆయన వాదన. హర్లీ రాజీనామాకు కూడా సిద్ధపడ్డాడు. చివరికి కొన్ని చిత్రాలకే అనుమతి దొరికింది.

మంచు ఫొటోల్లో కూడా ఆయన కొన్నిచోట్ల మేఘాలు అతికించాడు. అంతకంటే పెద్ద విషయం ఒకటుంది. ఎలిఫెంట్ దీవి నుంచి షాకిల్టన్ బయల్దేరిన రోజు తీసిన ఫొటోను మార్చి, రక్షించడానికి పడవ వచ్చిన దృశ్యంగా చూపించాడు. వెళ్లిపోతున్నవారికి వీడ్కోలుగా ఊపిన చేతులు, వచ్చినవారికి స్వాగతంగా మారిపోయాయి!

ప్రాణాలకు తెగించి నిజమైన ఫొటోలను కాపాడిన మనిషే, ఆ నిజాన్ని చేతులారా దిద్దాడు. ప్రజలకు ఆ అనుభవం పూర్తిగా అందాలన్నది ఆయన కోరిక. అది అర్థం చేసుకోవచ్చు. అయినా నష్టం జరిగింది. ఈ రోజుకీ హర్లీ ఫొటో చూసే పరిశోధకులు, ఇది తీసిందా, కూర్చిందా అని ముందు అనుమానంతోనే చూస్తారు.

హర్లీ తర్వాత కూడా మాసన్‌తో అంటార్కిటికా వెళ్లాడు, రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేశాడు, ఆస్ట్రేలియా ప్రకృతి దృశ్యాలతో పుస్తకాలు తెచ్చాడు. 1962 జనవరి 16న, 76 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. ఆయన ఫొటోలు లండన్‌లోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీలోనూ, సిడ్నీలోని స్టేట్ లైబ్రరీలోనూ భద్రంగా ఉన్నాయి. 2022 మార్చిలో వెడెల్ సముద్రంలో 3,008 మీటర్ల లోతున ఎండ్యూరెన్స్ ఓడ దొరికింది. ఓడ వెనకభాగాన దాని పేరు ఇంకా చదవగలిగేలా ఉంది. ఆ ఓడ ఎలా ఉండేదో, ఎలా కూలిందో అంతకుముందు 106 ఏళ్లపాటు ప్రపంచానికి కళ్లకు కట్టింది హర్లీ మోసుకొచ్చిన ఆ గాజు పలకలే.

ఈ నెల ఇంట్లో చేసి చూడండి

తర్వాతి ప్రయాణంలో మీ బాబుకో పాపకో ఫోన్ ఇచ్చి, రోజంతటికీ 36 ఫొటోలే తీయాలని చెప్పండి. ఇంటికొచ్చాక పక్కన కూర్చుని, వాటిలో పది మాత్రం ఉంచమనండి. ఎందుకు అదే ఉంచావని అడగండి. మీకు నచ్చనిది ఎంచుకున్నా మార్చమని అనకండి. వాళ్లు చెప్పే కారణం వింటే చాలు, వాళ్ల కళ్లు దేన్ని చూస్తున్నాయో మీకు తెలుస్తుంది.

ఆ తర్వాత ఇంకో ప్రశ్న అడగండి. ఫొటోలో లేని మేఘాన్ని, లేని మనిషిని ఒక్క నొక్కుతో చేర్చే యాప్‌లు వాళ్ల చేతిలో ఉన్నాయి కదా. అలా మార్చిన ఫొటోను ఎవరికైనా పంపేటప్పుడు, మార్చానని చెప్పాలా వద్దా? జవాబు మీరు ముందే చెప్పేయకండి. హర్లీ కథ చెప్పి, వాళ్లనే తేల్చుకోనివ్వండి.