హ్యూమ్ దొర పిట్టలు

ఢిల్లీలో వసంతం ఆట్టే రోజులు నిలవదు. ఫాల్గుణంలో బూరుగు చెట్లు ఎర్రగా పూస్తాయి; చైత్రం గడిచేసరికి వడగాలి మొదలవుతుంది. ఈ నడుమ దొరికే నాలుగు వారాలూ లోడీ తోటకు ఉదయపు నడకకు వచ్చేవారిలో, మెడలో బైనాక్యులర్స్ వేలాడదీసుకున్న పక్షిప్రియులు కూడా కనబడుతుంటారు. మార్చిలో ఒక ఆదివారం నేనూ వారి వెంట నడిచాను. బూరుగు పూలమీద గోరువంకలు, చిలుకలు చేసే రభస చూడడానికి పరికరాలు అక్కరలేదు. వారు వెదుకుతున్నది అంతకంటె చాలా చిన్న ప్రాణిని. పిడికిట్లో ఇమిడిపోయే పిట్ట. ఆకుపచ్చ కలిసిన బూడిదవన్నె, కంటిపైన లేత గీత, రెక్కమీద మరి రెండు గీతలు. క్షణం ఒక కొమ్మమీద నిలవదు. పది గ్రాములైనా తూగని ఈ పిట్ట చలికాలం మైదానాల్లో గడిపి, ఎండలు ముదరకముందే హిమాలయాలకు మరలిపోతుంది. దాని ఆంగ్లనామం హ్యూమ్స్ వార్బ్లర్. 1878లో బ్రూక్స్ అనే పక్షిశాస్త్రజ్ఞుడు తన మిత్రుని పేరు దానికి పెట్టాడు.

ఆ మిత్రుడు మనం ఎరగనివాడు కాడు. 1885 డిసెంబరు 28న బొంబాయిలో 72 మంది ప్రతినిధులను సమావేశపరచి కాంగ్రెసు మహాసభకు అంకురార్పణ చేసిన అలన్ ఆక్టేవియన్ హ్యూమ్ ఆయనే. మన పనప్పాకం ఆనందాచార్యులు గారు ఆ సభకు వెళ్లినవారిలో ఒకరు. పాఠ్యపుస్తకాలు హ్యూమ్‌కు ఒక్క వాక్యం కేటాయించి ముందుకు సాగిపోతాయి. ఆ వాక్యానికి వెనుక గడిచిన పాతికేళ్ల జీవితంలో రాజకీయంకంటె పక్షులే ఎక్కువ.

ఆయన 1829లో జన్మించాడు. తండ్రి జోసెఫ్ హ్యూమ్ బ్రిటిష్ పార్లమెంటులో పేరుమోసిన సంస్కరణవాది. 1849లో భారతదేశానికి వచ్చిన కుమారుడు ఎటావా జిల్లాలో అధికారి అయ్యాడు. అక్కడ ఉచిత పాఠశాలలు తెరిపించాడు, పక్షులను సేకరించడం మొదలుపెట్టాడు. 1857 తిరుగుబాటు కల్లోలంలో ఆ తొలి సేకరణ పోయింది. మళ్లీ మొదటినుంచి ప్రారంభించాడు.

1867లో ఆయనకు సుంకాల శాఖ అప్పగించారు. ఉప్పు పన్ను ఎగవేతను అరికట్టేందుకు సింధునది నుండి మహానది వరకు ఏర్పరచిన కాపలా సరిహద్దు అది. అందులో చాలాభాగం ముళ్లకంచె. దానిని దట్టంగా పెంచేందుకు హ్యూమ్ పాటుపడ్డాడు. ఆయన స్థాపించిన సంస్థే 1930లో ఉప్పు పన్నుమీద దేశాన్ని కదిలించిందంటే చరిత్ర చమత్కారమనే అనాలి. అయితే ఆ ఉద్యోగంలో తిరిగిన దూరాలు పక్షులను పరిశీలించడానికి ఆయనకు కలిసివచ్చాయి.

తరువాత భారత ప్రభుత్వంలో వ్యవసాయశాఖ కార్యదర్శిగా సిమ్లా చేరాడు. జాకూ కొండపైని రాత్నీ కాసిల్ అనే భవనంలో మ్యూజియం వెలసింది. 1872లో ఆయన ప్రారంభించిన స్ట్రే ఫెదర్స్ పత్రిక ఈ ఉపఖండపు పక్షుల సమాచారాన్ని ఒకచోట చేర్చింది. రైల్వే ఇంజనీర్లు, సైనికాధికారులు, అటవీ ఉద్యోగులు మూలమూలల నుంచి చర్మాలు, గుడ్లు, లేఖలు పంపేవారు. తానుగా సింధుకు, అండమాన్‌కు, లక్షదీవులకు వెళ్లివచ్చాడు. 1881లో మణిపూర్‌లో దొరికిన నెమలిజాతి పక్షికి భార్య పేరు పెట్టాడు. నేడు అది మణిపూర్ రాష్ట్ర పక్షి. ఆ రోజుల్లో పక్షిని తెలుసుకోవడమంటే తుపాకితో కొట్టి పడవేయడమే. వేలకొలది ప్రాణాలు అలా పోయాయన్నది మరువరాదు.

మనసులో మాట దాచుకోని స్వభావం పై అధికారులకు గిట్టలేదు. 1879లో ఆయనను కార్యదర్శి పదవినుంచి తొలగించారు; 1882లో ఉద్యోగ విరమణ చేశాడు. ఇంతలో దివ్యజ్ఞాన సమాజ ప్రభావం సోకి మాంసాహారం మానాడు, పక్షులను చంపడం కూడా మానాడు. ఇక మిగిలింది జీవితకాలపు గ్రంథమే. భారతదేశపు పక్షులన్నింటిమీద సమగ్రంగా రాయడానికి పాతికేళ్లుగా కూడబెట్టిన రాతప్రతులు గుట్టలుగా పడివున్నాయి. ఒక చలికాలం మైదానంలో గడిపి సిమ్లాకు తిరిగివచ్చి చూస్తే అవి లేవు. నౌకరు వాటిని చిత్తుకాగితాల కింద బజారులో తూకానికి అమ్మేశాడు. పొట్లాలు కట్టుకునేందుకు కాగితం కావలసిన కొట్లకు అందులో ఏమున్నదో ఏమి పట్టింది? దానిపై భారీవర్షాలకు కొండచరియ విరిగి మ్యూజియం కూడా దెబ్బతిన్నది.

తిరిగి రాయడానికి ఆయన పూనుకోలేదు. సేకరణనంతా బ్రిటిష్ మ్యూజియంకు దానమిచ్చాడు. 1885లో అక్కడినుంచి షార్ప్ అనే నిపుణుడు వచ్చి, దేవదారు కలపతో చేయించిన 47 పెట్టెల్లో సర్దించి, ఎద్దుబండ్లమీద కాల్కాకు దింపించాడు. గుడ్లతో కలిపి సుమారు 82,000 నమూనాలు. దేశంలో పోగైన ధనమింతా అలా సముద్రం దాటిందే అని ఈనాడు మనకు కష్టం కలుగుతుంది. తడిసి, పురుగుపట్టి ఇక్కడే నశించివుంటే మాత్రం ఎవరికి లాభమని కూడా నాకు తోస్తుంది. నేటికీ మన పక్షుల జాతిభేదాలు తేల్చవలసివస్తే శాస్త్రజ్ఞులు ఇంగ్లండులోని ట్రింగ్‌కు వెళ్లి హ్యూమ్ నమూనాలనే చూస్తున్నారు.

ఆ ఏడాది చివరనే బొంబాయి సభ జరిగింది. పక్షులకోసం లేఖలతో దేశమంతటా మనుషులను అల్లుకున్న నేర్పునే ఆయన కాంగ్రెసుకు వినియోగించాడని నా అభిప్రాయం. 1894లో ఇంగ్లండు వెళ్లిపోయాక మొక్కల మీదికి మళ్లాడు. దక్షిణ లండన్‌లో 1910లో ఒక వృక్షశాస్త్ర సంస్థను నెలకొల్పాడు. 1912 జూలై 31న మరణించాడు. ఆ సంస్థ ఇప్పటికీ పనిచేస్తున్నది.