మట్టిలో మందు వెతికిన అనపర్తి అల్లుడు

తొలకరి చినుకు పడగానే వచ్చే మట్టివాసన మీ ఊళ్ళోనూ ఉంటుంది, కాదనను. కానీ మా కోరుకొండలో నరసింహస్వామి కొండ మీంచి గాలి తిరిగి, ఎండిన చేల మీదుగా ఆ వాసన పెరట్లోకి వచ్చిందంటే చేతిలో పని ఆపి నిలబడిపోవాల్సిందే. ఆ వాసన ఉత్త మట్టిది కాదనీ, మట్టిలో బతికే కంటికి కనిపించని సూక్ష్మజీవులు పుట్టించేదనీ మా అమ్మాయి పాఠం చదువుకుంటుంటే విన్నాను. వాటి పేరు స్ట్రెప్టోమైసిస్. మనం వాడే యాంటీబయాటిక్ మందుల్లో చాలావాటికి అవే పుట్టిల్లట!

వాటిలో ఒక పెద్ద మందును వెలికితీసిన పరిశోధనలకి పెద్ద మన గోదావరి మనిషే, యల్లాప్రగడ సుబ్బారావు గారు. అనపర్తి వారి అల్లుడు. అది తెలిశాక ఆయన గురించి దొరికిందల్లా చదివాను. చదువుతున్నకొద్దీ ఆయనకంటే ఎక్కువగా ఇద్దరు ఆడవాళ్ళు నా మనసులో కూర్చున్నారు. ఒకరు తల్లి వెంకమ్మ గారు, ఇంకొకరు భార్య శేషగిరి గారు.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఏడుగురు పిల్లల్లో నాలుగోవాడు. తండ్రి జగన్నాథం గారిది రెవెన్యూలో చిన్న ఉద్యోగం. ఇంట్లో ఇబ్బందులు. పిల్లవాడికి చదువు మీద ధ్యాస లేదు. పదమూడేళ్ళప్పుడు కాశీకి పోయి యాత్రికులకి అరటిపళ్ళు అమ్ముకుంటే బోలెడు డబ్బొస్తుందని ఇంట్లోంచి పారిపోయాడు. వెంకమ్మ గారు వెతికించి పట్టుకొచ్చి మళ్ళీ బడిలో కూర్చోబెట్టారు. రాజమండ్రిలో చదువు సరిగ్గా సాగలేదు. అయినవాళ్ళ చావులు చూశాడు. మెట్రిక్ రెండుసార్లు పోయింది. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కాడు. అందుకోసం ఆ తల్లి ఒంటిమీది నగలు అమ్మేసింది. అంతా అయ్యాక కొడుకు రామకృష్ణ మఠంలో చేరి సన్యాసం తీసుకుంటానన్నాడు. ఆవిడ ససేమిరా ఒప్పుకోలేదు. సన్యాసి కాలేకపోయినవాడు డాక్టరీ చదువులో చేరాడు.

అక్కడా తిన్నగా సాగలేదు. స్వదేశీ ఉద్యమం వేడిలో ఖద్దరు గౌను వేసుకుని ఆపరేషన్ గదిలోకి వెళ్ళాడు. దొర ప్రొఫెసరుకి ఒళ్ళు మండింది. పూర్తి డిగ్రీ రావలసినవాడికి ఎల్.ఎం.ఎస్. అనే తక్కువ పట్టాతో సరిపెట్టారు.

1919లో పెళ్ళయింది. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు అల్లుడి డాక్టరీ చదువుకి డబ్బు సాయం చేశారు. 1921లో ఎనిమిది రోజుల తేడాలో ఇద్దరు సోదరులు స్ప్రూ జబ్బుతో పోయారు. తిన్నది ఒంటబట్టక మనిషి శుష్కించిపోయే జబ్బు అది. సుబ్బారావు గారికీ వచ్చింది. ఆయుర్వేదం మందుతో బతికి బయటపడ్డారు. ఈ జబ్బుల అంతు చూడాలన్న పట్టుదల ఆ రోజుల్లోనే ముదిరిందని నా ఊహ. మామగారి సాయం, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం కలుపుకుని 1922 అక్టోబరులో అమెరికాలోని బోస్టన్ చేరారు.

శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు. ఆయన వెళ్ళాక కొడుకు పుట్టాడు. ఏడాది నిండకుండానే పోయాడు. తండ్రి ఆ పిల్లవాడి మొహం చూడనేలేదు.

ఆ తర్వాత ఆయన చరిత్ర అంతా ప్రయోగశాలలోనే. మొదట్లో పొట్టకూటికి ఒక ఆస్పత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పళ్ళాలు కడిగారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఫిస్క్ అనే ప్రొఫెసరుతో కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరం కొలిచే పద్ధతి కనిపెట్టారు. ఒంట్లో కండరాలకి శక్తినిచ్చే ఏ.టి.పి. సంగతి తేల్చారు. అయినా అక్కడ శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే ఊళ్ళో ఉన్న లెడర్లీ మందుల కంపెనీలో చేరి, అక్కడి పరిశోధనలకి పెద్ద అయ్యారు.

ఇక మట్టి కథకి వద్దాం. పెన్సిలిన్ అప్పటికే వచ్చింది కానీ అన్ని క్రిముల మీదా పనిచేసేది కాదు. మట్టిలోంచి వాక్స్‌మన్ బృందం 1943లో తీసిన స్ట్రెప్టోమైసిన్ క్షయకి పనికొచ్చింది. మట్టిలో ఇంకా ఏమున్నాయో చూడాలని సుబ్బారావు గారి విభాగం పూనుకుంది. ఆ పని చేసింది బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్త. డెబ్భై దాటాయని విశ్వవిద్యాలయం ఇంటికి పంపేసిన పెద్దాయన! ఆయన తెలిసినవాళ్ళందరికీ ఉత్తరాలు రాసి ఊరూరా మట్టి తెప్పించారు. మిస్సోరీ రాష్ట్రంలో ఎన్నో ఏళ్ళుగా ఎరువన్నది చూడని ఒక గడ్డిమడి మట్టి కూడా అలాగే వచ్చింది.

ఆ మట్టిని నీళ్ళలో కలిపి, గాజుమూకుళ్ళలో గడ్డకట్టించిన జావలాంటి మేత మీద పోస్తారు. కొద్దిరోజులకి రకరకాల చుక్కలు లేస్తాయి. ఏ చుక్క చుట్టూ అయితే జబ్బు క్రిములు మొలవకుండా ఖాళీ గీత మిగులుతుందో, దాని దగ్గర మందు ఉన్నట్టు లెక్క. మిస్సోరీ మట్టిలో మొలిచిన చుక్క బంగారు రంగులో ఉంది. దాని మందుకి పెట్టిన ఆరియోమైసిన్ అన్న పేరులోనూ ఆ బంగారమే ఉంది.

ఈ జీవుల పెంపకం చూస్తే మన ఇంటి పంటే గుర్తొస్తుంది. బాక్టీరియానే అయినా బూజులా దారాలు దారాలుగా మట్టిలోకి పాకుతాయి. ఎండుటాకులు, గడ్డి తిని బతుకుతాయి. తిండి తగ్గేసరికి పైకి దారాలు లేపుతాయి. వాటి కొసలు పూసల్లా తెగి విత్తనాలవుతాయి. సరిగ్గా ఆ కరువు రోజుల్లోనే అవి మందు తయారు చేస్తాయి, ఉన్న కాస్త మేతకీ పక్కవాళ్ళు ఎగబడకుండా. తిండి పుష్కలంగా ఉన్నప్పుడు చేయవు. అందుకే పెద్ద పెద్ద తొట్లలో వాటికి ఎంత మేత వేయాలి, ఎప్పుడు ఆపాలి అన్నది తేల్చుకోవడమే పెద్ద పని. 1945లో దొరికిన చుక్క మందుగా బయటికి రావడానికి మూడేళ్ళు పట్టింది.

1948 జులైలో న్యూయార్క్‌లో శాస్త్రవేత్తల సభలో ఆరియోమైసిన్ గురించి చెప్పారు. టైఫస్ జ్వరంలాంటి వాటికి కూడా నోట్లో వేసుకునే మందు వచ్చింది. అందులోంచే తర్వాత టెట్రాసైక్లిన్ పుట్టింది. 1994లో సూరత్‌లో ప్లేగు అన్నప్పుడు జనం షాపుల మీద పడి కొన్నది ఆ మాత్రలే. (ఇదే కుటుంబం మందులు గర్భిణులకీ, ఎనిమిదేళ్ళలోపు పిల్లలకీ డాక్టరు చెప్పకుండా వేయకూడదు, పళ్ళు పసుపుపచ్చగా అయిపోతాయి.) కోడిపిల్లలకి ఈ మందు తయారయ్యాక మిగిలిన పిప్పి పెడితే త్వరగా బరువెక్కుతాయని కూడా ఆ కంపెనీలోనే కనిపెట్టారు. అది ప్రపంచమంతా అలవాటై, ఇప్పుడు మందులకి లొంగని క్రిములు తయారవడానికి ఒక కారణమైంది. అనపర్తి చుట్టూ ఉన్న కోళ్ళఫారాలు చూసినప్పుడల్లా నాకు ఈ విషయం గుర్తొస్తుంది.

మా అత్తయ్యగారు బోదకాలుకి వేసుకున్న హెట్రజాన్ కూడా ఆయన బృందానిదే. కడుపుతో ఉన్నవాళ్ళకి నర్సమ్మ ఇచ్చే ఐరన్ మాత్రలో ఉండే ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో ప్రయోగశాలలో తయారు చేసిందీ వాళ్ళే. సోదరుల్ని మింగిన ఆ స్ప్రూకి అది మందయింది, ఇరవై నాలుగేళ్ళు ఆలస్యంగా.

ఆరియోమైసిన్ సభ జరిగిన నెల తిరక్కుండానే, 1948 ఆగస్టులో, నిద్రలోనే గుండె ఆగి సుబ్బారావు గారు పోయారు. యాభై మూడేళ్ళు. ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారి కూడా ఇంటికి రాలేదు. అమెరికా పౌరసత్వమూ తీసుకోలేదు. ఆరియోమైసిన్ అమ్మకానికి వచ్చేసరికి ఆయన లేరు. 1953లో ఒక బూజుకి సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు. 1995లో మన ప్రభుత్వం తపాలా బిళ్ళ వేసింది.

శేషగిరి గారి బొమ్మతో బిళ్ళ ఏదీ లేదు. ఆయన గొప్పవాడు కాదని నేననను. మా ఇంట్లోనే ఆయన మందుతో లేచినవాళ్ళున్నారు. కానీ ఒక ఉత్తరం ముక్క కోసం వీధిలోకి చూస్తూ గడిపిన ఆవిడ సాయంత్రాల మాటేమిటని అడగకుండా ఉండలేను.

మొన్న కాకినాడ పెళ్ళికి వెళుతుంటే అనపర్తిలో రైలు ఆగింది. చినుకు మొదలైంది. కిటికీ మూసేయమంది ఎదురుసీటావిడ. ఆ వాసన సంగతి, సుబ్బారావు గారి సంగతి చెప్పాను. ఆవిడ అంతా విని, మరి ఆ భార్యకి ఎవరు చెప్పారమ్మా ఆయన పోయాడని, అంది. నేను జవాబు వెతుక్కునేలోపు సామర్లకోట వచ్చేసింది, దిగిపోయాను.